ఐరిష్ స్ట్యూ: మసాలా డబ్బా తియ్యకుండా మటన్

[గిన్నె మూత తీస్తుంటే ఆవిరి, కెమెరా గిన్నె మీదే]

నమస్తే అండి. ముందు ఈ రంగు చూడండి. పసుపు లేదు, కారం లేదు, అల్లం వెల్లుల్లి లేదు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మొదటిసారి ఇది నా ముందు పెట్టినప్పుడు జ్వరం పథ్యమేమో అనుకున్నా, నాలుగు చెంచాలు తిన్నాక ఇంకొంచెం వడ్డించమని నేనే అడిగా. ఇదే ఐరిష్ స్ట్యూ.

పాత పద్ధతిలో దీనికి కావలసినవి నాలుగే: గొర్రె మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, నీళ్లు. ఐర్లండ్ పల్లెల్లో గొర్రెల్ని ఉన్ని కోసం, పాల కోసం పెంచుకునేవాళ్లు కాబట్టి కుండలోకి వచ్చేది ముసలి గొర్రే, ఆ ముదురు మాంసం మెత్తబడాలంటే మంట మీద వేలాడదీసిన ఇనప కుండలో గంటలకొద్దీ ఉడకాల్సిందే. ఇక దుంపంటారా, పేదవాళ్లకి అదే అన్నం. 1845లో ఆ పంటకి తెగులు సోకి వచ్చిన కరువులో సుమారు 10 లక్షల మంది పోయారు, ఇంచుమించు మరో అంతమంది ఓడలెక్కి దేశం వదిలి వెళ్లిపోయారు.

క్యారెట్ వేస్తే మాత్రం కొందరు ఐరిష్ వాళ్లు, హైదరాబాద్‌లో బిర్యానీలో ఆలుగడ్డ వేసినవాడిని చూసినట్టు చూస్తారు. నేను వేస్తాను. ఆ కాస్త తీపి నాకిష్టం.

[చెక్క పలక మీద మాంసం, కూరగాయలు]

నలుగురికి కిలో మాంసం, మెడ గానీ భుజం గానీ, ఎముకతోనే కొట్టించుకోండి. బోన్‌లెస్ వద్దు, నీళ్లకి రుచి దిగేది ఆ ఎముక నుంచే. మన దగ్గర మటన్ అంటే చాలాచోట్ల మేక ఇచ్చేస్తారు, పొట్టేలు కావాలని ప్రత్యేకంగా అడగండి. దుంపలు ఒక కిలో, పెద్ద ఉల్లిపాయలు మూడు, క్యారెట్లు మూడు, థైమ్ (వాసన కోసం వేసే చిన్న ఆకుల మొక్క) రెండు రెమ్మలు.

ఇప్పుడు అసలు కిటుకు. సగం దుంపల్ని పల్చగా చక్రాల్లా కోసి గిన్నె అడుగున పరవండి, అవి కరిగిపోయి పులుసుని చిక్కబరుస్తాయి, పిండి కలపాల్సిన పనే లేదు. మిగతా సగం పెద్ద ముక్కలుగా చివర్లో పైన పెడతాం, అవి అలాగే నిలబడాలి. చక్రాల మీద మాంసం, దాని మీద ఉల్లిపాయ, క్యారెట్, థైమ్, ఉప్పు, మిరియాల పొడి. ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్లు పోయండి.

మాంసాన్ని ముందు నూనెలో వేయిద్దామని మన చెయ్యి ఊరుకోదు. ఈ రోజుల్లో అక్కడా చాలామంది వేయిస్తారు, తప్పేం కాదు, కానీ అప్పుడు పులుసు గోధుమరంగుకి తిరుగుతుంది. ఈ తెల్లటి పులుసు కావాలంటే వేయించకండి.

[పొయ్యి మీద గిన్నె, మంట దగ్గరి నుంచి]

ఒక్క పొంగు రానిచ్చి పైన తేలిన నురగ గరిటెతో తీసేసి, మంట బాగా తగ్గించి మూత పెట్టండి. కుతకుత ఉడకకూడదు, అక్కడొకటి ఇక్కడొకటి బుడగ పైకి వస్తే చాలు. లేత మాంసమైతే గంట తర్వాత పెద్ద దుంప ముక్కలు పెట్టి ఇంకో ముప్పావుగంట ఉంచాలి. ముదురైతే ఆ మొదటి గంట రెండు గంటలైనా టెన్షన్ పడకండి. కుక్కర్‌లో చేయొచ్చా అంటే, మాంసం వరకు చేసుకోండి, దుంపలతో కలిపి విజిల్స్ పెట్టారంటే మిగిలేది గుజ్జే (నేను పెట్టాను, చెంచా నిలబడింది).

గిన్నిస్ (ఐర్లండ్ నల్ల బీరు) పోయాలా అని కూడా అడుగుతుంటారు. అది పోసేది బీఫ్ స్ట్యూలో, ఇందులో కాదు.

దించాక పార్స్లీ (చూడ్డానికి కొత్తిమీరలా ఉండే ఆకు) తరిగి చల్లండి. ఓపిక ఉంటే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, దాన్ని సగం తీసేసి మళ్లీ వేడి చేస్తే మొదటి రోజుకంటే బాగుంటుంది. పక్కన ఈస్ట్ లేకుండా మజ్జిగ, వంటసోడాతో చేసే సోడా బ్రెడ్, దాని మీద వెన్న. అది లేని రోజు నేను వేడన్నంలో పోసుకుని తింటా, ఆవకాయ మాత్రం దగ్గర పెట్టుకోను, పెట్టుకుంటే చెయ్యి అటే పోతుంది.