తాళం వేసి వెళ్లే ముందు: పిల్లల దగ్గర ఉండబోయే పెద్దలకు

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలో సాయినగర్, రామ్‌నగర్, అరవిందనగర్... ఏ వీధిలోకి పోయినా తాళం వేసిన ఇల్లు ఒకటో రెండో కనిపిస్తుంది. పక్కింటివాళ్లను అడిగితే "సార్‌వాళ్లు కూతురు దగ్గరికి పోయినారు, డాలస్‌కు" అంటారు. పిల్లలు అమెరికా వెళ్లడం పాతబడిపోయింది, ఇప్పుడు రిటైరైన తల్లిదండ్రులూ వెళ్తున్నారు. కొందరు ఆరు నెలలకు, కొందరు గ్రీన్‌కార్డు తీసుకుని ఉండిపోవడానికి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మేమిద్దరం కూడా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. అందుకని వెళ్లబోయేవాళ్లు సలహాలకు మా ఇంటికి వస్తుంటారు.

వచ్చినవాళ్లు ముందు అడిగేది చలి గురించి, తర్వాత తిండి గురించి. ఆ రెండింటికీ టెన్షన్ పడాల్సిన పని లేదు. డాలస్ ఎండాకాలం మన ఎండాకాలం లాంటిదే, ఆ ఎండ మనల్ని భయపెట్టలేదు. చలికాలానికి పిల్లలే కోట్లు కొనిస్తారు. సంకటికి రాగిపిండి, రొట్టెకు జొన్నపిండి అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. ఊరగాయ, చెనిక్కాయల పొడి సీలు వేసి తీసుకెళ్లొచ్చు. పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం మాత్రం వద్దు. ఏం తీసుకెళ్లినా అక్కడి కస్టమ్స్‌వాళ్లు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అసలు చిక్కు వేరే ఉంది. మనిషి అక్కడ ఉంటాడు, అతని పింఛను, డిపాజిట్లు, పొలం, ఇల్లు ఇక్కడ ఉంటాయి. వీటన్నిటికీ తాళంచెవి ఒక ఫోన్ నంబరు.

అందుకే మొదట ఆ నంబరు సంగతి చెప్తాను. బ్యాంకుకు, ఆధార్‌కు, ఇన్‌కమ్‌టాక్స్‌కు, అన్నిటికీ ఓటీపీ వచ్చేది మీ ఇండియా నంబరుకే. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ ఆ నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. కాబట్టి వెళ్లే ముందు ఎక్కువ వ్యాలిడిటీ ఉన్న రీచార్జి చేయించి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. మెసేజీలు అందుకోవడానికి మామూలుగా చార్జీ పడదు. ఇంకొక మాట. దిగగానే పిల్లలు ప్రేమగా కొత్త ఐఫోన్ చేతిలో పెడతారు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే గాడే లేదు, అంతా ఫోన్ లోపలే ఉండే ఈసిమ్. మన సిమ్ అందులో ఎక్కడ పెడతారు? ఇక్కడున్నప్పుడే దాన్ని ఈసిమ్‌గా మార్పించుకోండి. లేదా పాత ఫోన్‌ను చార్జింగ్ పెట్టుకుంటూ దగ్గర ఉంచుకోండి. ఇక్కడ బ్యాంకు ఉదయం 10 గంటలకు తెరిస్తే డాలస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. బ్యాంకుకు ఫోన్ చేయాలంటే నిద్ర మానుకోవాల్సిందే.

తర్వాత పింఛను. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు, మా బ్యాంకుల వాళ్లు ఏటా నవంబరులో, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకు అక్టోబరు నుంచే వీలుంటుంది. పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లు ఏ నెలలో ఇచ్చినా ఏడాది పాటు చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు తమ గడువేమిటో ట్రెజరీలో కనుక్కుని రాసిపెట్టుకోండి. దీన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉంది. మొదట్లో వేలిముద్ర వేయాల్సి వచ్చేది. వయసు మీదపడ్డాక గీతలు అరిగిపోయి మెషీన్ ఒప్పుకునేది కాదు, కౌంటరు ముందు పెద్దవాళ్లు చెయ్యి తుడుచుకుని తుడుచుకుని వేలు పెట్టడం నేను చూశాను. ఇప్పుడు ఫోన్ కెమెరాలో ముఖం చూపిస్తే చాలు. దానికి కావాల్సిన యాప్‌లను ఇక్కడే వేసుకుని ఒకసారి చేసి చూడండి. అక్కడికి పోయాక కుదరకపోతే భారత కాన్సులేట్ అధికారితో సంతకం చేయించి పంపే దారి ఉంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు హ్యూస్టన్‌లో ఉంది కాన్సులేట్.

పేర్ల గొడవ కూడా ఇప్పుడే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, పింఛను కాగితంలో ఇంకోలా ఉంటే అక్కడి నుంచి సరిచేయించడం నరకం. ఆడవాళ్లకైతే ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో మెట్టినింటి పేరు ఉంటుంది.

ఇప్పుడు ఆరోగ్యం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకు అమెరికాలో ప్రభుత్వ వైద్యం ఏదీ వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చినా సరే, ఇక్కడి నుంచి వెళ్లిన పెద్దవాళ్లు మెడికేర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమాలో, చేరాలంటే వయసు 65 నిండాలి, పైగా అక్కడ వరుసగా 5 ఏళ్లు ఉండి ఉండాలి. అక్కడ ఉద్యోగం చేసినవాళ్లు కాదు కాబట్టి ప్రీమియం కూడా గట్టిగానే కట్టాలి. ఈ లోపల ఇన్సూరెన్సే దిక్కు. విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఒక రకంలో డాక్టరుకు ఇంత, ఆస్పత్రి గదికి రోజుకు ఇంత అని రేటు కట్టేసి ఉంటుంది, పైన అయ్యేదంతా మీరే పెట్టుకోవాలి. చవగ్గా వస్తుంది కదా అని పిల్లలు దీన్నే తీసుకుంటుంటారు. రెండోది, మీ వాటా పోగా మిగిలిన బిల్లులో ఎక్కువ భాగం పాలసీ పరిమితి వరకు భరించే రకం. నన్నడిగితే రెండోదే తీసుకోండి. మొదటిది అవసరానికి పెద్దగా ఆదుకోదు.

ఏ రకమైనా పాత బీపీ, షుగరు, గుండె జబ్బులకు మామూలు వైద్యం దాంట్లోకి రాదు. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే మాత్రం కొంత ఇస్తామంటారు. ఆ కొంత 70 ఏళ్లు దాటాక చాలా పాలసీల్లో బాగా తగ్గిపోతుంది. పళ్లకు, కళ్లద్దాలకు ఏమీ రాదు. కాబట్టి పంటి పని, కంటి శుక్లాల ఆపరేషన్ ఇక్కడే పూర్తి చేసుకుని, రెండు జతల కళ్లద్దాలతో విమానం ఎక్కండి.

మందులు చేతిసంచిలో పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలో కాదు. పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా ఇన్సులిన్ ఆలస్యం కాకూడదు కదా. 90 రోజులకు సరిపడా అన్నది అక్కడి అధికారులు చెప్పే ఉజ్జాయింపు లెక్క. డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, ఎన్నాళ్లు వాడాలో ఇంగ్లీషులో రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ అంటే అక్కడి డాక్టరుకు అర్థమవుతుంది, మన బ్రాండు పేరు చెబితే కాదు. పారాసెటమాల్‌ను వాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అని అమ్ముతారు. ఇక్కడ మందుల షాపులో అడిగితే ఇచ్చే యాంటీబయాటిక్ అక్కడ డాక్టరు రాయనిదే ఇవ్వరు. చిన్న జ్వరానికి, కాలు బెణికితే ఆస్పత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా, అర్జెంట్ కేర్ అని వేరే క్లినిక్కులు ఉంటాయి, అక్కడికి వెళ్లాలి. బిల్లులో చాలా తేడా ఉంటుంది. గుండెనొప్పి, పక్షవాతం లాంటివైతే మాత్రం ఆలోచించకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 నొక్కండి. పిల్లల ఇంటి అడ్రసు ఇంగ్లీషులో చెప్పడం మా ఆవిడకు అమ్మాయి ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించి నేర్పింది.

వంటింటి సంగతీ చెప్పాలి. ఎండుమిర్చి, ఇంగువ వేసి తాలింపు పెడితే చాలు, పైకప్పుకు ఉన్న పొగ అలారం ఇల్లంతా అదిరేలా మోగుతుంది. చంటిబిడ్డ లేచి ఏడుస్తాడు, అల్లుడు మీటింగ్ మధ్యలోంచి టవల్ పట్టుకుని వచ్చి అలారం కింద విసురుతుంటాడు. పొయ్యి మీద ఫ్యాన్ వేసి, వెనక తలుపు తీసి, అప్పుడు నూనె పెట్టాలి. కొందరి ఇళ్లలో గరాజ్‌లో రెండో పొయ్యి పెట్టుకుంటారు. అది మన పెద్దవాళ్ల కోసమే పుట్టిందని నా అనుమానం.

కాలు కదపడం ఇంకో సమస్య. చాలా కాలనీల్లో బస్సు ఉండదు, ఆటో మాటే లేదు, కూరగాయల కొట్టుకైనా కారు కావాలి. పిల్లలు ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా నాలుగు గోడలే. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పార్కు, లైబ్రరీ ఉన్నాయో లేదో ముందే అడగండి. లైబ్రరీలో ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, డబ్బులు అడగరు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర మన అనంతపురం వైపువాళ్లు కూడా కలుస్తారు. పక్కన కూర్చున్నాయనది ధర్మవరమో తాడిపత్రో తేలేసరికి పది నిమిషాలు కూడా పట్టదు.

ఇంత చెప్పినా, పెద్దవాళ్లను లోపల లోపల తినేది చేతిలో సొంత డబ్బు లేకపోవడమే. నాకు తెలిసిన ఒక హెడ్‌మాస్టరుగారు నలభై వేలు పింఛను తీసుకునే మనిషి, గడ్డం గీసుకునే బ్లేడ్లు అయిపోతే అల్లుణ్ణి అడగలేక గడ్డం పెంచేశాడు. "మామా, గడ్డం బాగుంది" అన్నాడట అల్లుడు. ఇక ఆయన తీయలేదు. ఆయన పర్సులో బ్యాంకు కార్డు ఉంది. అది విదేశాల్లో పనిచేయదని ఆయన అనుకున్నాడు. 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపలే పనిచేసేలా వస్తాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ అన్న మీట నొక్కి, పరిమితి పెట్టుకుంటే బయట కూడా పనిచేస్తాయి. వాడినప్పుడల్లా కొంత చార్జీ పడుతుంది, పడనివ్వండి. మనవడికి ఐస్‌క్రీమ్ మీ పింఛనుతో కొనివ్వండి. నోట్లు కావాలంటే ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు. కార్డు మాత్రం మీ పర్సులోనే ఉండాలి, పిల్లల బీరువాలో కాదు.

తేదీల విషయంలో చాలామంది పొరబడతారు. పదేళ్ల వీసా ఉంది కదా, ఎన్నాళ్లయినా ఉండొచ్చనుకుంటారు. వీసా తలుపు దాకా రావడానికే. లోపల ఎన్నాళ్లు ఉండాలో విమానాశ్రయంలో అధికారి ఐ-94 అనే రాకపోకల రికార్డులో రాస్తాడు, మామూలుగా ఆరు నెలలు. దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో తీసి ప్రింటు పెట్టుకోండి. ఆ తేదీ దాటితే ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి బయటికి వస్తే మూడేళ్లు మళ్లీ రానివ్వరు. గ్రీన్‌కార్డు వాళ్లకు ఇది తిరగేసి వర్తిస్తుంది. ఇక్కడికి వచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోతే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటాలంటే ముందే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి లోపలికి రావడానికి అనుమతి కాగితం, తీసుకోవాలి. కెనడాలో తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది, దానిమీద ఒకసారి వెళ్తే 5 ఏళ్ల దాకా ఉండొచ్చు గానీ కనీసం లక్ష కెనడా డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ఈ నిబంధనలు మనకొక్కరికే అనుకోవద్దు. పుట్టపర్తిలో ఉండే విదేశీ పెద్దవాళ్లు కూడా 180 రోజులకు మించిన వీసాతో వస్తే 14 రోజుల్లో పేరు నమోదు చేయించుకోవాలి.

పొలం, ఇల్లు ఉన్నవాళ్లు అక్కడినుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు చేయించాలి. అమ్మే అధికారం అవసరం లేకపోతే ఇవ్వకండి. గుత్త వసూలు, శిస్తు, కరెంటు బిల్లు, ఇంటిపన్ను వరకు రాస్తే చాలు. కొన్ని నెలలకొకసారి ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి చూసుకోండి. ఎవరైనా మీ స్థలం రిజిస్టరు చేయించుకుని ఉంటే అందులో తేలుతుంది. అక్కడే స్థిరపడి ఎన్నారై అయినవాళ్లు ఉన్న పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా కొనలేరు. అమ్మాలన్నా ఇండియాలో ఉండేవాళ్లకే అమ్మాలి.

చివరగా మా బ్యాంకువాళ్లను ఎవరూ అడగని సంగతి. అలా స్థిరపడిపోయినవాళ్లు ఇక్కడి మామూలు ఖాతాను ఎన్నారైలకు ఉండే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. ఆ తర్వాత 15హెచ్ ఫారం ఇచ్చి టీడీఎస్, అంటే బ్యాంకు వడ్డీలోంచి ముందే కోసే పన్ను, తప్పించుకోవడం కుదరదు, ఎన్ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు కోస్తారు. గ్రీన్‌కార్డు ఉంటే ఇక్కడి పింఛను, వడ్డీ కూడా అమెరికా రిటర్నులో చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వేరే ఫారం పెట్టాలి. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మును ఎఫ్‌డీ చేసినవాళ్లు ఈ గీత ఎప్పుడో దాటేసి ఉంటారు. పైగా ఆ ఎఫ్‌డీలో కొడుకు పేరో కూతురు పేరో రెండో పేరుగా వేయించి ఉంటారు, ఆ పిల్లలు అమెరికా పౌరులైనా గ్రీన్‌కార్డు వాళ్లైనా వాళ్లూ చూపించాల్సిందే. "మా నాన్న డబ్బు అది" అంటే ఒప్పుకోరు. ఏ బ్యాంకులో ఏ డిపాజిట్, రెండో పేరు ఎవరిది, నామినీ ఎవరు అని ఒక కాగితం మీద రాసి, వెళ్లగానే పిల్లల చేతికి ఇచ్చి, వాళ్ల టాక్సులు చూసే ఆయనకు చూపించమనండి. రిటర్ను గడువు ఏప్రిల్ 15.

సెలవు, నమస్కారం.