తుండు మీద పేకాట, ఫోన్లో రమ్మీ: లేవమనేవాడు ఎవడు?

(స్టూడియోలో నలుగురు, డల్లాస్ నుంచి వీడియోలో ఒకరు. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊరో వృత్తో పెట్టి రాశాం. పరిచయాలు, మధ్యలో మైక్ పనిచెయ్యని రెండు నిమిషాలు తీసేశాం.)

యాంకర్: సరే, సూటిగా మొదలెడదాం. మాస్టారూ, మీరు పేకాట మొదలెట్టి ఎన్నేళ్లయింది?

మాస్టారు: ఆయ్, మా ఆవిడ చూస్తదండి ఈ ప్రోగ్రాం. సరే, యాభై ఏళ్లనుకోండి. లెక్కల మాస్టారిని కదా, మా జట్టులో స్కోరు పుస్తకం ఎప్పుడూ నా చేతిలోనే.

యాంకర్: డబ్బులకేనా?

మాస్టారు: పాయింటు పది పైసలతో మొదలెట్టాం, ఇప్పుడు రూపాయి. ఫుల్ కౌంటు, అంటే ఎనభై పాయింట్లు పడితే ఎనభై రూపాయలు పోతాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా దరిద్రం పట్టుకుని ఒక్క లైఫ్, అంటే జోకర్ లేని సీక్వెన్స్, పడకపోయినా ఐదారొందలు దాటదండి, అది కూడా గెలిచినోడి చేత మళ్లీ బజ్జీలకీ టీలకీ కక్కించేస్తాం.

కరీంనగర్ తమ్ముడు: నాకు కూడా ఎనభై కౌంటే సార్. మొదట్ల అర్ధరూపాయి టేబుల్, ఎనభై పడితే నలభై రూపాయలు. ఏముంది, ఒక చాయ్ సమోస. ఆఖరికి పాయింటు యాభై టేబుల్ల కూసున్న. ఒక్క ఆట, రెండు నిమిషాలు, నాలుగు వేలు.

యాంకర్: ఇది ఎప్పుడు?

కరీంనగర్ తమ్ముడు: 2022ల. నేను హైదరాబాద్ల ఉన్నన్ని రోజులు యాప్ ఓపెన్ చేస్తే మీ రాష్ట్రంల ఆడరాదు అని వచ్చేది, 2017 నుంచే మన తెలంగాణల బ్యాన్ కదా. బెంగళూరుల జాబ్ వచ్చింది, పీజీల దిగిన, రాత్రి పండుకొని ఫోన్ తీస్తే అదే యాప్ మంచిగ ఓపెన్ అయింది. వెల్‌కమ్ బోనస్ అని పైకెళ్లి పైసలు గూడ ఇచ్చిండ్రు.

యాంకర్: మేడం, ఈ రాష్ట్రానికో రూలు ఏంటి? రమ్మీ నైపుణ్యం ఆట, తప్పు లేదు అని ఎప్పుడో సుప్రీంకోర్టు చెప్పిందంటారు కదా.

లాయర్ మేడం: చెప్పింది, అదీ మన కేసులోనే. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటి, దాని మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1967 నవంబర్లో తీర్పొచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడెయ్యాలో ఆలోచించాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటే, మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం అన్నారు. పేకాటరాయుళ్లందరికీ ఇంతవరకు నోటికొచ్చు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పరు. ఆడించేవాడు, అంటే ఇంటాయనో క్లబ్బో, ఆ పందెం ఆట మీద లాభం తీసుకుంటుంటే అప్పుడు నేరం కిందికి రావచ్చు అని.

మాస్టారు: కోడిపందేల్లో కేవు, అదే ఆడించేవాడి వాటా, తీసుకున్నట్టు.

లాయర్ మేడం: అదే మాస్టారూ. ఇప్పుడు ఆలోచించండి, యాప్ బతికేదే ప్రతి ఆటలో కోత మీద. నలుగురు కూర్చుంటే గెలిచేది ఒకడు, మిగతా ముగ్గురు ఓడతారు, యాప్ మాత్రం ప్రతి ఆటా గెలుస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020 సెప్టెంబర్లో 1974 నాటి గేమింగ్ చట్టాలు మార్చి ఆపాయి. ఇక 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటే అని. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రకటనల్లో కనబడేవాళ్లకి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు, వాడిని బాధితుడి కిందే చూశారు. కంపెనీలు కోర్టులో సవాలు చేశాయి, అది వేరే కథ.

డల్లాస్: మేడం, మీరు చెప్పిన ఆ కేవు పాయింటు ఇక్కడ టెక్సాస్ చట్టంలో కూడా అచ్చం అలాగే ఉందండి. ప్రైవేటు చోటులో ఆడుకోవాలి, గెలిచింది తప్ప ఎవరికీ వేరే లాభం ఉండకూడదు, అందరికీ అవకాశం సమానంగా ఉండాలి, అంతే, అప్పుడు ఇబ్బంది లేదు. అందుకే మా శుక్రవారం పోకర్‌లో ఇంటాయన బిర్యానీ ఖర్చు కూడా పాట్‌లోంచి, అంటే పందెం డబ్బులోంచి తియ్యడు, విడిగా వేసుకుంటాం. మనిషికి ఇరవై డాలర్లు, చిప్స్ అయిపోతే ఇంకో ఇరవై, ఆపైన వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడమే.

యాంకర్: మీరు ఆన్‌లైన్లో కూడా ఆడేవారు కదా?

డల్లాస్: ఆడాను, ఫ్రీ చిప్స్‌తోనే. ఇక్కడ డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ న్యూజెర్సీ, నెవాడా, పెన్సిల్వేనియా లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. ఒకప్పుడు అందరూ ఆడేవారట, 2003లో మనీమేకర్ అనే అకౌంటెంట్, అది నిజంగా అతని ఇంటిపేరేనండి, 86 డాలర్ల ఆన్‌లైన్ టోర్నమెంట్‌లోంచి లాస్‌వేగాస్ వెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు, దాంతో దేశం మొత్తం ఎగబడింది, 2011 ఏప్రిల్లో ప్రభుత్వం పెద్ద సైట్లన్నీ మూయించింది. నా బాధ వేరే. 2020 లాక్‌డౌన్లో మా జట్టంతా యాప్‌లో ఆడుతూ పక్కన వీడియో కాల్ పెట్టుకున్నాం. ఎదుటి టేబుల్ మీద గంటకి పాతిక ముప్పై ఆటలు పడితే ఎక్కువ, యాప్‌లో అరవై దాటుతుంది. అన్ని ఆటలు పడినా ఏదో వెలితి. మొహాలు కనిపిస్తున్నాయి కానీ చేతులు కనిపించట్లేదు. మనిషి చిప్స్ ముట్టుకునే తీరులోనే సగం ఆట ఉంటది.

మాస్టారు: అది చెప్పండి! మా జట్టులో ఒకాయనున్నాడండి, లైఫ్ పడిందంటే చాలు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుస్తాడు. పదేళ్లు ఆయనకి తెలీదు, మాకు తెలుసు. ఆయన కళ్లజోడు మీద చెయ్యేస్తే మేం టపటపా డ్రాప్ కొట్టి, ఆట వదిలేసి ఇరవై పాయింట్లతో బయటపడేవాళ్లం. ఓ సంక్రాంతికి వాళ్ల బావమరిది నోరుజారి చెప్పేశాడు. అక్కణ్ణించి ఆయన చేతిలో రెండు ముక్కలు కలవకపోయినా కళ్లజోడు తుడవడం మొదలెట్టాడు. పదిహేను రోజులండీ! చేతిలో చెత్త పెట్టుకుని తుడుస్తున్నాడు, మేం ఇరవై ఇరవై ఇచ్చుకుంటూ పోతున్నాం. స్కోరు పుస్తకం తిరగేస్తే అర్థమైంది, ఈయన కౌంటు ఏంటి ఇంతలో ఉంది అని. (నవ్వులు) ఫోన్లో కళ్లజోడు ఎలా తుడుస్తారండి?

కరీంనగర్ తమ్ముడు: టైమర్ తోని తుడుస్తం సార్. నిజం చెప్తున్న. ముక్క లాగి వెంటనే పడేస్తే వీనికి పనికిరాలే అని, ఆఖరి సెకను దాక ఆపితే ఏదో కలిసింది అని. నేను కావాలని ఆపేటోణ్ణి. కాని అవతల ఉన్నది మనిషో మిషనో తెల్వదు, నేను ఆపితే వాడు భయపడిండా లేదా గదా తెల్వదు. బాట్లు ఉంటయ్ అని అందరు అంటరు, నా దగ్గర రుజువు అయితే లేదు.

డల్లాస్: ఒక మాట న్యాయంగా చెప్పాలంటే కలపడంలో మాత్రం కంప్యూటరే నయం. మన చేతులతో నూట ఆరు ముక్కలు కలిపితే పాత ఆటలోని సీక్వెన్సులు సగం అలాగే అంటుకుని వస్తాయి. చేతివాటం లేదు, పక్కోడు తొంగిచూడడం లేదు, పేక కట్ చెయ్యలేదని గొడవ లేదు.

లాయర్ మేడం: ఇంకోటి నేను చెప్తాను, ఇది లాయర్‌గా కాదు. మా ఇంట్లో పండక్కి మగాళ్లు అరుగు మీద పేకేస్తే ఆడవాళ్లం లోపల గారెలు వేసేవాళ్లం, చెయ్యి తక్కువైనా పక్కింటాయన్ని పిలిచేవారే గాని మమ్మల్ని పిలిచేవారు కాదు. నేను రమ్మీ నేర్చుకున్నది ఫోన్లో, ఫ్రీ చిప్స్ ఆటలో, వైజాగ్‌లో మా అక్కా నేనూ రాత్రిళ్లు ఆడి. రెండేళ్ల తర్వాత అరుగు మీద కూర్చుని మా బావగారికి ఎనభై ఎక్కించాను. కాబట్టి ఎదురుగా ఆడే ఆటంతా బంగారం, ఫోన్ ఒక్కటే పాపం అంటే నేను ఒప్పుకోను. ఆ అరుగు అందరిదీ కాదు.

మాస్టారు: అది తప్పేనండి, ఒప్పుకుంటాను.

లాయర్ మేడం: పైగా తోటల్లో పేకాడి పొలాలు పోగొట్టుకున్నవాళ్లు ఫోన్లు రాకముందు నుంచీ ఉన్నారు కదా.

మాస్టారు: ఎందుకు లేరు. నాతో చదువుకున్నవాడు ఒకడు, మామిడితోటలో ఆట, లోన-బయట, ఉత్త అదృష్టం ఆట. రెండెకరాలు. ఆడినవాళ్లంతా ‘మనవాళ్లే’. అది గుర్తులు పెట్టిన పేక అని తర్వాత తేలింది. అందుకే మా జట్టులో మూడు ముక్కలూ లోన-బయటా పెట్టమండి, పాయింటు రూపాయి దాటించం, అప్పు రాయం. జేబులో అయిపోతే లేవాల్సిందే.

యాంకర్: తమ్ముడూ, నిన్ను లేవమనేవాళ్లు లేరా?

కరీంనగర్ తమ్ముడు: (కొంచెంసేపు ఆగి) గదే సార్ నేను చెప్దామనుకున్నది. మాస్టారు వాళ్లకాడ అన్నం వడ్డించిన్రు రా అని పిలుస్తరు, కరెంటు పోతది, ఒకనికి బస్సు టైమైతది. ఇదంతా ఆటల భాగం అని నాకు అప్పుడు తెల్వదు. నాకు పీజీల బాత్‌రూమ్ల కూసొని, బ్రైట్‌నెస్ తగ్గించి, రూమ్మేట్‌కు కనిపించకుంట ఆడుడు. రాత్రి మూడింటికి ఫోన్ ఛార్జింగ్ మూడు శాతం, నేను ఆట ఆపలే, ఛార్జర్ పట్టుకొని బాత్‌రూమ్ల ప్లగ్గు ఎక్కడుంది అని దేవులాడిన. గీజర్ ప్లగ్గు తీసి దాంట్ల పెట్టిన. పొద్దుగాల రూమ్మేట్ చల్లటి నీళ్లతోని స్నానం చేసి నన్ను తిట్టిండు, గీజర్ ఎందుకు తీసినవ్రా అని. ఆ రోజు ముప్పై ఎనిమిది వేలు పోయినయ్. వాడు తిట్టింది మాత్రం గీజర్ గురించి.

యాంకర్: అయ్యో.

కరీంనగర్ తమ్ముడు: మొత్తం మూడు లక్షల చిల్లర పోయినయ్ సార్. నోట్లు ఇస్తే తెలుస్తుండె, ఇది నంబరే గదా, యూపీఐ పిన్ కొడితే అయిపాయె. గెలిచిన రోజులు గూడ ఉన్నయ్, గెలిస్తే గూడ లేవలే, అదే నాకు సమజ్ కాదు. ఒక్కరోజు పన్నెండు వేలు లాభంల ఉన్న, బయటికి పోతా అంటే ఎవ్వడు ఆపుతడు? మీకాడ గెలిచినోడు లేవద్దు అని రూలుంటది...

మాస్టారు: ఉంటది. గెలిచి లేచిపోతే మర్నాడు ఆటకి పిలవరు.

కరీంనగర్ తమ్ముడు: నాకు ఆ రూలు గూడ లేదు సార్. ఎవ్వడు ఉండమనలే, ఎవ్వడు పొమ్మనలే. కూసున్న.

(ఎవరూ మాట్లాడలేదు)

డల్లాస్: తమ్ముడు, పన్ను కూడా పడి ఉంటది కదా?

లాయర్ మేడం: పడేది. 2023 ఏప్రిల్ నుంచి నికరంగా గెలిచినదాని మీద 30 శాతం టీడీఎస్, అదే ఏడాది అక్టోబర్ నుంచి వేసిన డబ్బు మీదే 28 శాతం జీఎస్టీ. వెయ్యి వేస్తే అందులో దాదాపు 219 రూపాయలు ముక్క పంచకముందే పన్ను కింద లెక్కయ్యేది. మొదట్లో కంపెనీలే భరించి బోనస్ అని ఇచ్చాయి, ఆడేవాడికి తెలియకూడదని.

మాస్టారు: అంటే వెయ్యిలో రెండొందలు పోయాక, ప్రతి ఆటలో కోత పోయాక, మిగిలినదాని మీద గెలవాలి. పదో క్లాసు పిల్లాడికిచ్చినా చేసేస్తాడీ లెక్క. అబ్బాయ్, నువ్వు ఇంజినీరింగ్ చదివి...

కరీంనగర్ తమ్ముడు: లెక్క రాక కాదు మాస్టారూ.

యాంకర్: ఇప్పుడు ఆడుతున్నావా?

కరీంనగర్ తమ్ముడు: యాప్లు ఎట్లాగూ బందయినయ్. మొన్న దీపావళికి ఇంటికి పోతే మా చిన్నాయన వాళ్లు చాప పరిచి ఆడుతున్నరు, చెయ్యి తక్కువుంది రా అన్నరు. నేను రానన్న. మా నాయనమ్మ వచ్చి నా జాగల కూసుంది, ముక్కలు కలవకుండనే రాంగ్ షో కొట్టింది, ఎనభై అంటే నేనియ్య అని లొల్లి. నేను స్కోరు రాసిన.

మాస్టారు: స్కోరు రాయడం మంచి ఉద్యోగమే. నేను యాభై ఏళ్లు చేశాను.

యాంకర్: టైం దగ్గరపడింది. ఒక చిన్న ప్రశ్న, చాట్‌లో చాలామంది అడుగుతున్నారు. జోకర్ తిప్పినాక మొదట తెరిచిన ముక్కే జోకర్ పడితే, తియ్యొచ్చా తియ్యకూడదా?

డల్లాస్: తియ్యొచ్చు. మొదటి ముక్క ఒక్కటే, తర్వాత ఎవరైనా జోకర్ పడేస్తే తియ్యకూడదు. యాప్‌లన్నిట్లో అదే రూలు.

మాస్టారు: తప్పండి. జోకర్ కింద పడితే అది చచ్చినట్టే, ఎవడూ ముట్టకూడదు.

డల్లాస్: మాస్టారూ, మాది తాడేపల్లిగూడెం. అక్కడ కూడా తీసేవాళ్లం.

మాస్టారు: తాడేపల్లిగూడెంలో తీస్తారేమో, భీమవరంలో తీస్తే చెయ్యి విరగ్గొడతారు. నలభై కిలోమీటర్లు లేదు, మీకు రూలెక్కడ మారింది?

లాయర్ మేడం: మా బావగారు కూడా తియ్యకూడదనే అన్నారు, నేను తీసి గెలిచాను.

మాస్టారు: అయితే ఆ ఎనభై చెల్లదు మేడం.

లాయర్ మేడం: ఎందుకు చెల్లదు? ముందు చెప్పని రూలు తర్వాత పెట్టకూడదు.

యాంకర్: సరే సరే, మైకులు ఆపేస్తున్నారు...

మాస్టారు: ఆపండి, బయటికెళ్లి తేల్చుకుంటాం. అబ్బాయ్, నువ్వు చెప్పు, మీ చిన్నాయన వాళ్లింట్లో ఏంటి రూలు?