ముందు అద్దం, తర్వాతే కరెంటు

నమస్కారం. ఇక్కడ నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, మెదడు దెబ్బతిని స్పృహ కోల్పోయిన తమవాళ్ల మంచం పక్కనే నెలల తరబడి కూర్చున్న కుటుంబసభ్యులున్నారు. అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: "మెదడుకు కరెంటు పెడితే మావాళ్లు తిరిగి మాట్లాడతారా?" లోపల కొంత ఎరుక మిగిలి ఉంటే, దాన్ని పైకి తేవడానికి కరెంటు కొందరికి సాయపడవచ్చు. లేని ఎరుకను మాత్రం పుట్టించలేదు. కాబట్టి యంత్రం సంగతి తర్వాత, ముందు పరీక్ష గురించి మాట్లాడుకుందాం.

మెలకువ వేరు, ఎరుక వేరు. కోమాలో రెండూ ఉండవు. కళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నా, చేసే ప్రతి కదలికా అసంకల్పితమే అయితే అది స్పందన లేని మెలకువ. అప్పుడప్పుడు చూపుతో వెంబడించినా, చెప్పినట్టు వేలు కదిపినా అది కనీస స్పృహ. ఈ కనీస స్పృహ అనే స్థితికి 2002లో నిర్వచనం ఇచ్చారు. దీనితో చిక్కేమిటంటే, పొద్దున కనిపించిన స్పందన సాయంత్రానికి ఉండదు. స్పందన లేని స్థితి అని వైద్యబృందం తేల్చిన 44 మందిని 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రామాణిక స్కేలుతో మళ్లీ పరీక్షిస్తే, 18 మందిలో కనీస స్పృహ ఉన్నట్టు తేలింది. ఆ స్కేలు పేరు సీఆర్ఎస్-ఆర్ (కోమా రికవరీ స్కేల్-రివైజ్డ్), మొత్తం 23 మార్కులు. ఒక్కసారి చూసి వదిలేయకండి. రెండు వారాల్లో కనీసం ఐదుసార్లు చేస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు.

అందులో అద్దం పరీక్ష ఎలా చేస్తారో చూడండి. చేతిలో పట్టే చిన్న అద్దాన్ని రోగి ముఖానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, తన ముఖం తనకు కనిపించేలా పట్టుకోవాలి. మధ్య నుంచి కుడికీ ఎడమకూ, తర్వాత పైకీ కిందికీ 45 డిగ్రీల మేర నెమ్మదిగా జరపాలి. చూపు తెగకుండా ఆ మేరంతా రెండుసార్లు వెంట వస్తే లెక్కలోకి తీసుకుంటారు. పెన్నో టార్చిలైటో ఎందుకు కాదంటే, ఎవరి చూపైనా సొంత ముఖం మీద నిలిచినంతగా మరో వస్తువు మీద నిలవదు. అద్దాన్ని గబగబా తిప్పేయడం, మరోపక్క ఇంకొకరు మాట్లాడుతూ ఉండటం... తరచూ జరిగే తప్పులు ఇవే. రోగి కళ్లు మూతపడితే ముఖం, మెడ, భుజం, చేయి, కాలు కండరాలను వరుసగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టి మూడు నుంచి ఐదుసార్లు మర్దించి, మెలకువ తెప్పించి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక కరెంటు. బయటి నుంచి ఇచ్చే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది టీడీసీఎస్, అంటే తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడుకు బలహీనమైన డైరెక్ట్ కరెంటు పంపడం. ధన ఎలక్ట్రోడును తల ఎడమవైపు, నుదుటికి పైన ఎఫ్3 అనే స్థానంలోనూ, రెండోదాన్ని కుడి కనుబొమ్మకు పైనా పెడతారు. ఒక్కోటి ఏడు సెంటీమీటర్లకు ఐదు సెంటీమీటర్ల స్పాంజి, సెలైన్‌లో తడిపింది. కరెంటు 2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలు. ఒక్కసారిగా ఇవ్వరు, కొన్ని సెకన్లపాటు మెల్లగా పెంచి, చివర్లో మెల్లగా తగ్గిస్తారు.

తేడా వచ్చేది చిన్న విషయాల్లోనే. స్పాంజి ఆరిపోతే నిరోధం పెరిగి, కరెంటు ఒకేచోట గుమిగూడి చర్మం కాలుతుంది. నొప్పిగా ఉందని ఈ రోగి చెప్పలేడు కదా, అందుకే నిరోధం చూపే మీటరుతో పాటు చర్మాన్నీ కనిపెట్టి ఉండాల్సింది మీరే. అలాగని సెలైన్ కారేంత తడిపితే ఆ నీరు రెండు స్పాంజీలనూ కలిపేసి, కరెంటు చర్మం మీదుగానే పోతుంది. పుర్రె ఎముక ముక్క తీసేసిన చోటా, లోహపు ప్లేటు ఉన్నచోటా కరెంటు దారి మారిపోతుంది కాబట్టి ఆపరేషన్ వివరాలు తెలుసుకోకుండా మొదలుపెట్టకూడదు. ఫిట్స్ కోసం ఇచ్చే కార్బమాజెపైన్ లాంటి మందు ఈ కరెంటు ప్రభావాన్ని తగ్గించగలదు. అలాగని దాన్ని మీకు మీరుగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఆ నిర్ణయం న్యూరాలజిస్టుదే.

ఫలితం ఎంత? 2014లో వెలువడిన అధ్యయనంలో కనీస స్పృహలో ఉన్న 30 మందిలో 13 మందికి ఒక్క సెషన్‌తోనే కొత్త స్పందన కనిపించింది. స్పందన లేని 25 మందిలో ఇద్దరికే కనిపించింది. ఒక్క సెషన్‌తో వచ్చే మార్పు ఎక్కువసేపు నిలవదు, అందుకే రోజూ ఇచ్చి చూస్తున్నారు. తర్వాత పలు కేంద్రాల్లో కలిపి చేసిన పెద్ద పరీక్షలో మాత్రం మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి కరెంటు కన్నా అసలు కరెంటు మెరుగని తేలలేదు. ఈ మాట కుటుంబాలకు దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో అన్నిటికన్నా గట్టి రుజువు ఉన్నది ఒక మాత్రకు. గాయం వల్ల స్పృహ దెబ్బతిన్న 184 మందికి నాలుగు వారాలపాటు ఒక గుంపుకు అమాంటడైన్, ఇంకో గుంపుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి 2012లో ప్రచురించిన పరీక్షలో, అమాంటడైన్ తీసుకున్నవారు త్వరగా కోలుకున్నారు. దాని గురించి డాక్టరుతో మాట్లాడకుండా నేరుగా యంత్రం వెంట పరుగెత్తడం సరికాదు.

పుర్రెకు రంధ్రం చేసి, మెదడు లోతున ఉండే థాలమస్ అనే భాగం నడిమధ్యకు తీగలు పంపి కరెంటు ఇచ్చే డీబీఎస్‌ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్)తో, గాయమై ఆరేళ్లు దాటిన 38 ఏళ్ల వ్యక్తి వస్తువుల పేర్లు చెప్పగలిగాడని, నోటితో తినగలిగాడని 2007లో ప్రచురించారు. ఆయనకు ముందునుంచే కనీస స్పృహ ఉంది, అది మరవకూడదు.

సెషన్ అయ్యాక మళ్లీ అదే స్కేలు, వీలైతే అదే మనిషి చేతుల మీదుగా. బొటనవేలు కదులుతోందంటే దాన్నే భాషగా మార్చండి: అవునుకు ఒక కదలిక, కాదుకు వేరే కదలిక. "నేను ఇప్పుడు నా చెవి ముట్టుకున్నానా?" అని అడగండి, ఒకసారి ముట్టుకుని, ఒకసారి ముట్టుకోకుండా. ఇలాంటివి ఆరు ప్రశ్నలు. వరుసగా రెండు పరీక్షల్లో ఆరింటికి ఆరూ సరిగ్గా చెబితే, ఆ మనిషి కనీస స్పృహ దాటి బయటికి వచ్చినట్టే.