ఆటలో అరటిపండు అని ఎవరినీ అననివ్వని అన్న

వదినకి, పిల్లలకి, మన బస్తీ పెద్దలకి నమస్కారం. మనల్ని విడిచి వెళ్లిపోయిన అన్నని తలుచుకోవడానికే ఇవాళ ఇక్కడ కలిశాం.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్నతనంలో ఆరేళ్ల తేడా అంటే మాటలు కాదు. తొమ్మిదో తరగతి పిల్లాడు మూడో తరగతి వాణ్ణి వెంటేసుకుని తిరగడానికే నామోషీ పడతాడు. చిక్కడపల్లి సందుల్లో మేం ఆడిన క్రికెట్‌లో చిన్నవాళ్లమంతా ఆటలో అరటిపళ్లమే. బంతి మోరీలో పడితే మమ్మల్ని పిలిచేవారు, అంతే. అన్న కెప్టెన్ అయితే మాత్రం లెక్క వేరు. జట్టు ఎంచుకునేటప్పుడు ముందు మాలో ఒకడి పేరు పిలిచేవాడు. ఎవరికీ అక్కర్లేక చివరికి మిగిలిపోయిన పిల్లాడి మొహం ఆయన చూడలేకపోయేవాడు. బౌలింగ్ కూడా నిజంగానే ఇచ్చేవాడు. నేను వరసగా వైడ్లు వేస్తుంటే పెద్దవాళ్లు గోల చేసేవారు. "వెయ్యనియ్యండ్రా, పడుతుంది" అనేవాడు. పడేదాకా ఆగేవాడు కూడా.

ఆదివారం వస్తే ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచేవారు. నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అక్కడ మాత్రం వదిలేసేవాడు. ఏ పుస్తకం తీసినా వద్దనేవాడు కాదు. ఎనిమిదో తరగతిలో ఆయన వాడిన లెక్కల పుస్తకం నాకిచ్చాడు. ఒక కష్టమైన లెక్క పక్కన పెన్సిల్‌తో, "ఇది నాకూ మొదటిసారి రాలేదు. మళ్లీ చెయ్యి" అని ఉంది. నాకిచ్చే ముందు కూర్చుని రాశాడన్నమాట. లెక్కలంటే నాకున్న భయం ఏ ట్యూషన్‌తోనూ పోలేదు, ఆ మాటతో పోయింది.

2000 ఆగస్టు 24 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. దోమలగూడ, అశోక్‌నగర్ వైపు నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఒంటరిగా ఉండే ఒక మామ్మగారిని అన్న వీపు మీద ఎక్కించుకుని పక్కవాళ్ల మేడ మీదికి చేర్చాడు. ఆవిడ తన భర్త ఫొటో గోడకే ఉండిపోయిందని ఏడుపు మొదలుపెట్టారు. ప్రాణాలు దక్కాయి, అది చాలదా అన్నాం మేమంతా. అన్న ఏమీ అనలేదు. మళ్లీ నడుము లోతు నీళ్లలోకి దిగి, ఫొటో తల మీద పెట్టుకుని వచ్చాడు. తెచ్చి ఇచ్చాక కూడా దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

చివరి మూడేళ్లూ ఆసుపత్రుల చుట్టూనే గడిచిపోయాయి. పిల్లలకి బాగా గుర్తుండేది ఆ నాన్నే. అది నాకు చాలా బాధగా ఉంది. ఆ బక్కచిక్కిన మనిషి ఒకప్పుడు ఈ సందు చివరి నుంచి విసిరితే బంతి సూటిగా వికెట్లకి తగిలేదని వాళ్లకి తెలియదు. అందుకే మా ఈడువాళ్లందరికీ ఒక మనవి. భోజనాలు అవగానే వెళ్లిపోకండి. పిల్లల దగ్గర కూర్చుని, మీకు తెలిసిన అన్న గురించి చెప్పండి. పాత ఫొటోలు ఎవరి దగ్గరున్నా వదినకి పంపండి.