కాశీ వెళ్తే కళాభవన్‌కు ఒక పూట

అందరికీ నమస్కారం. కాశీకి వెళ్లే తెలుగువారికి లోటు లేదు. గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం, పెద్దలకు పిండప్రదానం ముగించుకుని రైలెక్కేస్తాం. ఈసారి ఒక పూట మిగుల్చుకుని, బనారస్ హిందూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని భారత్ కళాభవన్ అనే మ్యూజియం చూసి రమ్మని అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

దాన్ని నిలబెట్టిన మనిషి రాయ్ కృష్ణదాస్. హిందీ రచయిత, కాశీ వాస్తవ్యుడు. మన శిల్పాలు, చిత్రాలు బేరసారాల్లో పరదేశాలకు తరలిపోతున్న రోజుల్లో, 1920లో, భారతీయ కళా పరిషత్ పేరుతో ఈ పని మొదలుపెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ అధ్యక్షులుగా ఉన్నారు. కొంతకాలం కాశీలోని హిందీ భాషా సంస్థ నాగరీ ప్రచారిణీ సభ తలదాచుకోవడానికి చోటిచ్చింది. 1950లో సేకరణంతా విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ ఏడాదే నెహ్రూ శంకుస్థాపన చేసిన భవనం 1962లో తెరుచుకుంది. ఇప్పుడక్కడ లక్షకు పైగా వస్తువులున్నాయి.

అంకె అటుంచండి. కృష్ణదాస్ చూపు నాకు ముఖ్యం. రాజాస్థానాల సూక్ష్మచిత్రాలను ఎంత అపురూపంగా దాచారో, విరిగిన మట్టిబొమ్మ తలనూ అంత అపురూపంగానే దాచారు. 1940 ప్రాంతంలో కాశీలోనే రాజ్‌ఘాట్ దగ్గర రైల్వే పనులకు నేల తవ్వుతుంటే గుప్తుల కాలపు ముద్రలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. ఆ ముఖాల మీది జుట్టు చూడండి! ఒకటి ఉంగరాలు తిరిగి ఉంటుంది, ఇంకొకటి తేనెపట్టులా గదులు గదులుగా అల్లి ఉంటుంది. అలాంటి బొమ్మలను మట్టిపెళ్లలతో పాటు పారబోయకుండా ఏరుకున్నవారికి మనం రుణపడి ఉన్నాం.

శిల్పాల్లో కార్తికేయుడి దగ్గర నిదానంగా నిలబడండి. ఇదీ గుప్తుల కాలానిదే. నెమలి మీద మనకు ఎదురుగా కూర్చున్నాడు. విప్పిన పురి వెనక ప్రభామండలమైంది. మెడలో పులిగోళ్ల హారం. మన ఇళ్లలోనూ దిష్టి తగలకుండా చంటిపిల్లలకు పులిగోరు కట్టేవారు కదా! దేవసేనాపతి ఇంకా పసివాడేనని చెప్పడానికి శిల్పికి ఆ ఒక్క నగ చాలింది. కాశీలోని బకరియా కుండ్ నుంచి వచ్చిన గోవర్ధనధారి కూడా అక్కడే ఉన్నాడు. చేయెత్తి కొండను మోస్తున్నా ముఖంలో శ్రమ ఛాయ కనిపించదు.

మొఘల్, రాజస్థానీ, హిమాలయ ప్రాంతపు పహాడీ చిత్రాలు వేల సంఖ్యలో ఒక్కచోటే ఉండటం విద్యార్థులకు పెద్ద వరం. అచ్చు బొమ్మలతో సరిపెట్టుకోనక్కరలేదు, అసలు గీతనే దగ్గరగా చూసి పోల్చుకోవచ్చు. కళ చదువుకునే మన పిల్లలను అధ్యాపకులు అక్కడికి తీసుకెళ్లాలని నా విన్నపం. అస్సీఘాట్‌లో దశాబ్దాల పాటు ఉన్న స్విట్జర్లాండ్ కళాకారిణి ఆలిస్ బోనర్ పేరిట ఒక ప్రత్యేక విభాగం, రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ హిమాలయ చిత్రాలకు మరొకటి ఉన్నాయి.

ఇక పాత బనారసీ నేతలు. పట్టుచీర కోసం దుకాణాలకు బయలుదేరే ముందే వీటిని చూడండి. జరీతో ఎంత పని చేయవచ్చో కళ్లారా చూశాక, కొనేటప్పుడు ధర కన్నా ముందు చీర తిప్పి నేత చూస్తారు.