సిగరెట్ మానాక ప్యాంటు బిగుతైతే

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలో మా క్లినిక్‌కి వచ్చే ఒక ఆటో డ్రైవరు పోయిన ఏడాది సిగరెట్ మానేశాడు. పద్దెనిమిదేళ్ల అలవాటు. మూడు నెలలకు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మీ మాట విని మానేస్తి సార్. ఇప్పుడు ప్యాంటు గుండీ పడ్తాలేదు. ఇంట్లో అందరూ నగుతాండారు. దీనికన్నా అదే మేలుండె" అన్నాడు. తూకం చూస్తే నాలుగు కిలోలు పెరిగాడు.

తప్పు నాదే. మానమని చెప్పాను గానీ, బరువు సంగతి ముందే చెప్పలేదు. సిగరెట్ మానేసినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అందరూ ఒక్కలా కాదు. కొందరు తగ్గుతారు కూడా, కొందరు పది కిలోలు దాటిపోతారు.

ఎందుకంటే పొగాకులోని నికోటిన్ మెదడులో ఆకలిని అణిచే కణాలను తట్టి లేపుతుంది. గుండెను వేగంగా కొట్టిస్తుంది. ఆటోను స్టాండులో నిలిపి ఇంజను ఆపకుండా ఉంచితే పెట్రోలు ఎట్లా అయిపోతుందో, ఒళ్లు కూడా అట్లా ఊరికే కేలరీలు తగలేస్తుంది. రోజుకు రెండు డజన్లు కాల్చేవాళ్లలో ఈ దండగ ఖర్చు 200 కేలరీల దాకా ఉంటుంది. మానగానే అది ఆగిపోతుంది. 200 కేలరీలంటే మన లెక్కలో గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు. ఇంతేనా అనిపిస్తుంది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. ఆ గుప్పెడు రోజూ మిగిలిపోతే నలభై రోజులు తిరక్కుండానే కిలో చేరుతుంది.

దీనికి తోడు నాలుక, ముక్కు తేరుకుంటాయి. ఊరుబిండిలో తెల్లగడ్డ వాసన ఇన్నేళ్లకు తెలిసిందని మా డ్రైవరే చెప్పాడు. తెలిస్తే ఇంకో ముద్ద తింటాం కదా! పైగా చేతికి, నోటికి పని లేదు. సాయంత్రం సిగరెట్ వెలిగించే వేళకు ఇప్పుడతను ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. ఉగ్గానిని నేనేమీ అనను, అంటే ఈ ఊళ్లో బతకనివ్వరు. బొరుగులు తేలిక సరుకే. పక్కనుండే మిరపకాయ బజ్జీలు తాగిన నూనెతోనే పేచీ. రెండుతో ఆగే మనిషిని నేనింకా చూడలేదు.

టీ అంగడి సంగతి వేరు. మనవాళ్లకు టీ, సిగరెట్ జంట. సిగరెట్ పోయాక ఆ ఖాళీలో ఇంకో టీ, అందులో రెండు స్పూన్ల చక్కెర. ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. పొగలోని పదార్థాలు కాలేయం చేత కెఫీన్‌ను తొందరగా కరిగించేయిస్తాయి. పొగ మానాక అదే కాఫీ, అదే టీ తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఊరికే చిరాకు. సిగరెట్ లేకే ఈ టెన్షన్ అనుకుని మళ్లీ అగ్గిపుల్ల గీసేవాళ్లున్నారు. మానిన రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి. చక్కెర దానంతటదే సగమవుతుంది.

మొదటి నెలలో కడుపు మాడ్చుకోకండి. ఆకలీ సిగరెట్టూ రెండింటితో ఒకేసారి పోరాడమని నేనెవరికీ చెప్పను. రాగి సంగటి, ఆకుకూర పప్పు, కొర్రన్నం వేళకు తినండి. మానిన కొత్తలో మలబద్ధకం వస్తుంది, పీచు, నీళ్లు దానికీ పనికొస్తాయి. సంగటి ఆరోగ్యమని మూడు ముద్దలు లాగిస్తే మాత్రం రాగులు కూడా లెక్క చూపిస్తాయి.

సిగరెట్ మీదికి మనసు లాగేది ఒక్కోసారి కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలకు మన చీనీకాయను మించింది లేదు. రసం పిండించుకోవద్దు. కూర్చుని తొక్క ఒలిచి, తొనలు విడదీసి, గింజలు ఊసి తినేలోపు ఆ లాగుడు దాటిపోతుంది. చేతికీ పని దొరికింది. పాలు, నీళ్లు, పళ్లు, కూరగాయల తర్వాత సిగరెట్ రుచించదనీ, కాఫీ, మాంసం, మద్యం తర్వాత బాగుంటుందనీ అమెరికాలో ఒక సర్వేలో పొగతాగేవాళ్లే చెప్పారు. భోజనం చివర గ్లాసుడు మజ్జిగ తాగే మన అలవాటు ఇక్కడా పనికొస్తుందేమో చూడండి. ముప్పావు గంట చురుగ్గా నడిస్తే ఆ 200 కేలరీలూ ఖర్చవుతాయి, సిగరెట్ ధ్యాసా తగ్గుతుంది.

సిగరెట్ తాగితే సన్నగా ఉంటామన్న మాట పుట్టించిన వాళ్లలో కంపెనీలూ ఉన్నాయి. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ కంపెనీ మిఠాయికి బదులు మా సిగరెట్ అందుకోండని ఆడవాళ్లకు ప్రకటనలిచ్చింది. నిజానికి పొగతాగేవాళ్లు బరువు తక్కువున్నా, వాళ్ల కొవ్వు నడుం చుట్టూ, పేగుల మధ్య ఎక్కువ చేరుతుంది. గుండెకు చెడు చేసేది ఆ కొవ్వే.

బరువు బాగా పెరిగినవాళ్లకు కొన్నాళ్లు షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకని రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండండి. అయినా గుండెకు, ఆయుష్షుకు దక్కిన లాభం ఆ నాలుగు కిలోలతో పోదు. ఏడాది మానితే గుండెజబ్బు ముప్పు, తాగేవాళ్లతో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుంది. నమిలే నికోటిన్ గమ్ వాడితే బరువు పెరగడం కొంత వాయిదా పడుతుంది. ఎంత వాడాలో డాక్టరును అడగండి. సిగరెట్ పెట్టె మీదే అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడి సాయం చేస్తారు. బీడీ తాగేవాళ్లకూ అదే నంబరు.

మా ఆటో డ్రైవరు పోయిన నెల మళ్లీ వచ్చాడు. రెండు కిలోలు తగ్గాడు, రెండు అట్లే ఉన్నాయి. ప్యాంటు సంగతేమని అడిగాను.

"దర్జీ దగ్గర నడుము లూజు చేయించినా సార్, సిగరెట్ దుడ్లతోనే" అన్నాడు.