చిన్న రివాల్వర్‌కు ఏ క్యాలిబర్ తీసుకోవాలి

అందరికీ నమస్కారం అండీ. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో గ్యాస్ స్టేషన్లు, మోటెళ్ళు, చిన్న స్టోర్లు నడిపేవాళ్ళు ఉన్నారు. అర్ధరాత్రి షట్టర్ దించి, క్యాష్ సంచితో ఒంటరిగా కారు దాకా నడిచేవాళ్ళు ఉన్నారు. అందుకే ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు అడుగుతారు, "చిన్న రివాల్వర్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా, మంచిది?" అని. ఈరోజు దానికే జవాబు చెబుతాను.

ముందు ఒక్క విషయం, ఇది తేలకపోతే మిగతాదంతా అనవసరం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ, ఆఖరికి ఒక్క తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ చెప్పాలి, నేనూ చెప్పకూడదు, మీ ఫ్రెండూ చెప్పకూడదు. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో 21 దాటినవాళ్ళు లైసెన్స్ లేకుండానే తుపాకీ వెంట పెట్టుకోవచ్చని విని, వీసా మీద ఉన్నవాళ్ళు కూడా "అయితే మనకూ ఓకే" అనుకుంటున్నారు. ఓకే కాదు. అది రాష్ట్ర చట్టం, ఫెడరల్ చట్టాన్ని అది మార్చలేదు. షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి అద్దె తుపాకీతో కాల్చినా చేతిలో పట్టుకున్నట్టే లెక్క. కుర్రాళ్ళు సరదాకి వెళ్ళి ఫోటోలు పెడుతుంటే నాకు నిజంగా భయమేస్తుంది, ఎన్నో ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న స్టేటస్ అండీ అది. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకు మాత్రమే నేను ఇక మీదట చెప్పేది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దుకాణంలో కౌంటర్ అవతలి మనిషి మామూలుగా చెప్పేది ఏంటంటే, ".357 మాగ్నమ్ తీసుకోండి, అందులో .38 కూడా పడుతుంది" అని. మాట అబద్ధం కాదు. పేరులో అంకె వేరైనా, రెండు తూటాల్లోనూ గుండు (ముందుండి ఎగిరిపోయే భాగం) వ్యాసం ఒకటే, .357 కేసు (మందు పట్టే గొట్టం) ఓ మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు, అంతే. అందుకని .38 స్పెషల్ తూటా .357 రివాల్వర్‌లో పడుతుంది, .357 తూటా .38 రివాల్వర్‌లో పట్టదు. కానీ లోపలి ఒత్తిడి చూడండి. .38 స్పెషల్‌కు గరిష్ఠ పరిమితి 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కు 35,000. రెండింతలు దాటింది. ఆ దెబ్బంతా తిరిగి తగిలేది మీ అరచేతికే.

ఇక్కడే తుపాకీ బరువు వస్తుంది, దీన్ని వదిలేసి క్యాలిబర్ ఒక్కదాని గురించే మాట్లాడితే ఉపయోగం లేదు. రూగర్ ఎస్‌పీ101 అని స్టీలు రివాల్వర్ ఒకటుంది, చిన్నదే, ఐదు తూటాలే, కానీ 700 గ్రాములు దాటుతుంది. స్మిత్ అండ్ వెసన్ 642 అల్యూమినియం ఫ్రేమ్‌ది, దాదాపు 410 గ్రాములు. అదే కంపెనీ 340పీడీ అని స్కాండియం అనే లోహం కలిపిన ఫ్రేమ్‌తో .357కే చేసింది, అది 350 గ్రాముల లోపే. జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు, అందుకే దాన్ని చూసి అందరూ ముచ్చటపడతారు. కానీ 642లో మామూలు .38 కాల్చినప్పుడు వచ్చే తన్నుతో పోలిస్తే, 340పీడీలో పూర్తి స్థాయి .357 తన్ను లెక్క వేస్తే దాదాపు మూడింతలు వస్తుంది. అరచేతిలో సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఒకసారి కాల్చినవాళ్ళు రెండోసారి కాల్చే ముందు తెలియకుండానే కళ్ళు మూసుకుంటారు, మణికట్టు ముందుకు వంచేస్తారు, గుండు కింద నేలలోకి పోతుంది.

ఇంత భరించి దక్కేది ఎంత? నాలుగు అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు 1400 అడుగుల పైన దూసుకుపోయే 125 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) .357 గుండు, రెండు అంగుళాల బ్యారెల్ నుంచి వచ్చేసరికి 1200కు అటూ ఇటూ పడిపోతుంది. మందు మొత్తం కాలడానికి ఆ గొట్టం చాలదు, మిగిలింది మూతి బయట మండుతుంది. చీకట్లో ఆ మంట కళ్ళకు కొడుతుంది, కారు లోపలో మోటెల్ గదిలోనో ఆ చప్పుడు చెవులకు శాశ్వతంగా నష్టం చేయగలదు. .38 కంటే బలం ఎక్కువేనండీ, కాదనను. కానీ ఆ అదనపు బలం తగిలిన గుండుకే లెక్క, తగలని దానికి ఏమీ లేదు.

నాకు తెలిసిన ఒక అక్క, యాభై దాటింది, భర్తతో కలిసి స్టోర్ చూసుకుంటుంది, వేళ్ళ కీళ్ళ నొప్పులు. ఎవరో సలహా ఇచ్చారని తేలికపాటి .357 కొనిపించారు ఆమె చేత. రేంజ్‌లో రెండు కాల్చి పక్కన పెట్టేసింది, "తమ్ముడూ, ఇది నావల్ల కాదు" అని. ఆ తుపాకీ ఇంట్లో అల్మారాలో పడుంది చాలాకాలం. తర్వాత ఆమెకు .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ రివాల్వర్ ఇచ్చి చూస్తే ఆరుకు ఆరు కాగితం పళ్ళెం మీదే పడ్డాయి, ఐదు గజాల నుంచి. ఇంకో ఆరు వేసుకుంటానని తనే అడిగింది. నేను క్యాలిబర్ గురించి ఏం చెప్పినా దీన్ని చూశాకే చెబుతున్నా.

.32 అనగానే మనవాళ్ళకు కొంచెం తెలిసిన నంబరే. ఇండియాలో లైసెన్స్ ఉన్న మామూలు మనిషి చేతిలో ఎక్కువగా కనిపించే రివాల్వర్ అదే. 2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని చెప్పి తెచ్చిన నిర్భీక్ కూడా .32నే. వాటిలో పడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే పాత తూటా, 1896 నాటిది. ఆ కేసునే పొడిగించి 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ చేశారు, దాన్ని ఇంకాస్త పొడిగించి 2008 ప్రాంతంలో .327 ఫెడరల్ మాగ్నమ్ తెచ్చారు. అంటే .327 రివాల్వర్ కొంటే ఈ పాతవన్నీ అందులో కాల్చుకోవచ్చు. ఇంకో లాభం, తూటా సన్నం కాబట్టి .38కి ఐదు పట్టే సిలిండర్‌లో (తూటాలు పెట్టే తిరిగే భాగంలో) ఇవి ఆరు పడతాయి. ఇంత చిన్న తుపాకీలో ఆరోది చాలా పెద్ద తేడా. హెచ్ అండ్ ఆర్ తన్ను మెత్తగా ఉంటుంది, .327 మాత్రం 45,000 పీఎస్ఐ తూటా, చప్పుడు .357కు ఏమీ తీసిపోదు, కాబట్టి తుపాకీ .327ది కొన్నా అందులో హెచ్ అండ్ ఆర్ వేసుకోమని నా సలహా. ఇబ్బందల్లా తూటాలు దొరకడమే. పెద్ద స్టోర్లలో కూడా ఒక్కోసారి షెల్ఫ్ ఖాళీగా ఉంటుంది, ధర ఎక్కువ. ఆన్‌లైన్‌లో కనిపించినప్పుడు కాస్త ఎక్కువ తీసి పెట్టుకోవాలి.

చేతులు బాగానే ఉన్నవాళ్ళకు నా జవాబు .38 స్పెషలే. వందేళ్ళు దాటిన తూటా, అమెరికా పోలీసులు తరాల తరబడి నడుముకు పెట్టుకున్నది. ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది, రకాలు బోలెడు. ఇందులో ప్లస్ పీ అని ఒత్తిడి కొంచెం పెంచినవి ఉంటాయి, 20,000 పీఎస్ఐ దాకా. మీ తుపాకీ బ్యారెల్ మీద ప్లస్ పీ అని రాసి ఉంటేనే అవి వేయాలి. పాత రివాల్వర్ ఎవరి దగ్గరైనా కొంటే ఇది తప్పకుండా చూసుకోండి. ఇంకోటి, ఇండియాలో పోలీసుల పాత .38 రివాల్వర్ తూటా దీనికంటే పొట్టిది, అది వేరే తూటా. పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

ఇప్పుడు గుండు ఆకారం గురించి చెప్పాలి, నా దృష్టిలో క్యాలిబర్ కంటే ఇదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు బ్యాంకు దొంగలకూ కాల్పులు జరిగాయి, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. దొంగల్లో ఒకడికి మొదట్లోనే తగిలిన గుండు గుండె దాకా వెళ్ళకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాల్చాడు. అప్పటి నుంచి ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత, ఒంటి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు అని. రెండు అంగుళాల బ్యారెల్ నుంచి వచ్చే .38 హాలో పాయింట్‌కు, అంటే ముందు భాగంలో గుంట ఉండి తగలగానే విచ్చుకునే గుండుకు, ఇది కష్టమైన పరీక్ష. వేగం తక్కువ కాబట్టి కొన్ని విచ్చుకోవు, జీన్స్ లాంటి మందపాటి గుడ్డ ముందు భాగంలో కూరుకుపోతే అసలే విచ్చుకోవు. విచ్చుకున్నవి కొన్ని 12 అంగుళాలు చేరకుండానే ఆగిపోతాయి. పొట్టి బ్యారెల్ కోసమే చేసినవి ఉన్నాయి, స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల ప్లస్ పీ అలాంటిది, దానికి మంచి పేరుంది.

చాలామందికి తెలియనిది వాడ్‌కటర్. ముందు భాగం పూర్తిగా చదునుగా ఉండే 148 గ్రెయిన్ల గుండు, కాగితం టార్గెట్ల మీద గుండ్రటి రంధ్రం శుభ్రంగా పడాలని చేసింది. సెకనుకు 700 అడుగుల ప్రాంతంలో మెల్లగా వెళ్తుంది, తన్ను చాలా తక్కువ. విచ్చుకోవాల్సిన పనే లేదు, ఆ చదును అంచు దారి పొడుగునా కోసుకుంటూ పోతుంది, లోతు కూడా సరిపోతుంది. తేలికపాటి అల్యూమినియం రివాల్వర్‌లో నేనైతే వీటినే వేస్తాను. ఒక్క చిక్కు, ముందు మొన లేదు కాబట్టి కంగారులో సిలిండర్ రంధ్రాల్లోకి తొందరగా దూరవు. అందుకని తుపాకీలో వాడ్‌కటర్లు, జేబులో పెట్టుకునే అదనపు తూటాలు మాత్రం మొన ఉన్నవి పెట్టుకుంటే సరిపోతుంది.

.22 గురించి కూడా అడుగుతారు. రూగర్ ఎల్‌సీఆర్ అనే చిన్న రివాల్వర్‌లో ఇవి ఎనిమిది పడతాయి, తన్ను లేదు, తూటా చవక, ప్రాక్టీస్‌కు ఇంతకన్నా మంచిది లేదు. కానీ దీని నిప్పు మందు కేసు అంచులో ఉంటుంది, ఆ అంచంతా సమానంగా పరచుకోకపోతే ఒక్కోసారి పేలదు. రివాల్వర్ కాబట్టి ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే తర్వాతది వస్తుంది, నిజమే. అయితే అంచును గట్టిగా కొట్టాలి కాబట్టి ఈ రివాల్వర్లలో ట్రిగ్గర్ కూడా బరువుగా ఉంటుంది. వేళ్ళలో బలం లేదని .22 తీసుకున్నవాళ్ళకు అక్కడే మళ్ళీ కష్టం. వేరే దారి లేనివాళ్ళకు సరే, లేదంటే .32 వైపు చూడండి. ఇక 9 ఎంఎం రివాల్వర్లు ఉన్నాయి, తూటాకు అంచు ఉండదు కాబట్టి చాలావాటిలో మూన్ క్లిప్ అనే పల్చటి స్టీలు రేకులో గుచ్చి వేయాలి, ఆ రేకు జేబులో వంగిందంటే సిలిండర్ తిరగదు. ఇంట్లో ఇప్పటికే 9 ఎంఎం పిస్టల్ ఉంటే తప్ప నేను సిఫార్సు చేయను.

కొనే ముందు అద్దెకిచ్చే రేంజ్‌కు వెళ్ళండి. ఇక్కడ చాలా రేంజ్‌లలో రెండు మూడు రకాలు కాల్చి చూడొచ్చు. మూడు, ఐదు, ఏడు గజాలు, అంతకంటే దూరం అక్కర్లేదు. ఐదూ వరసగా, ఆగకుండా, కాగితం పళ్ళెంలో పడుతున్నాయా అని మాత్రమే చూడండి. ఒకటి రెండు కాల్చి "బాగానే ఉంది" అనొద్దు, నాలుగోది ఐదోది ఎక్కడ పడిందో చూడండి. కాల్చాక ఇంకో పెట్టె కాల్చాలనిపిస్తోందా, చాలనిపిస్తోందా అన్నది కూడా గమనించండి, ప్రాక్టీస్ చేయాలనిపించని తుపాకీతో రోజూ తిరగడం ప్రమాదం. ఇంట్లో పిల్లలుంటే, నడుముకు లేనప్పుడు అది తాళం వేసిన సేఫ్‌లో ఉండాలి, దీంట్లో బేరం లేదు.

చివరగా ఒక పరీక్ష చెబుతాను, తేలికపాటి తుపాకీ తీసుకునేవాళ్ళు రేంజ్‌లోనే చేయాలి. తుపాకీ గట్టిగా వెనక్కి తన్నినప్పుడు ఇంకా కాలని తూటాల్లోని గుండ్లు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి, కేసు మాత్రం వెనక్కి పోతుంది, అలా గుండు కొద్దికొద్దిగా బయటికి జరుగుతుంది. బాగా జరిగితే ఆ గుండు సిలిండర్ ముందు నుంచి పొడుచుకొచ్చి ఫ్రేమ్‌కు తట్టుకుంటుంది, రివాల్వర్ మొత్తం బిగుసుకుపోతుంది, అక్కడికక్కడ చేతితో సరిచేయలేరు. అందుకే మీరు వెంట పెట్టుకోబోయే తూటాలే ఐదు వేసి, నాలుగు కాల్చి, ఐదోదాన్ని బయటికి తీసి పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూడండి. తేడా కనిపించిందంటే ఆ తుపాకీలో ఆ తూటా వద్దు, ఇంకో రకం తీసుకుని మళ్ళీ ఇదే పరీక్ష చేయండి. ఇక ఎవరికేం సందేహాలున్నాయో అడగండి.